ఎఱ్ఱ విమానము: రిఖ్తోఫెన్ తుది వేట

మానవుడు యంత్రమునెక్కి ఆకాశమున ఎగురనేర్చినది 1903లో. ఆ విద్యను యుద్ధమునకు వినియోగించుటకు ఆతనికి పట్టుమని పదియేండ్లు పట్టలేదు. 1914లో ఐరోపా మహాసంగ్రామము ఆరంభమైన నాడు విమానము శత్రుసేనల జాడ కనిపెట్టు వేగుకన్ను మాత్రమే. నాలుగేండ్లు తిరుగకమునుపే అది జంట మరతుపాకులు ధరించి గగనవీథిని ద్వంద్వయుద్ధము సలుపు ఆయుధమయ్యెను. ఈ మార్పునంతయు ఒక్క మనిషి జీవితమున చూడవలెనన్నచో జర్మను వైమానికుడు మాన్‌ఫ్రెడ్ ఫాన్ రిఖ్తోఫెన్ చరిత్రమును చదువవలెను.

ఆతడు 1892 మే 2వ తేదీన బ్రెస్లా నగర సమీపమున ఒక కులీన ప్రష్యను కుటుంబమున జన్మించెను. ఆ నగరము నేడు పోలండు దేశములోనిది. తండ్రి సైనికోద్యోగి. పదునొకండవ యేటనే బాలుని సైనిక పాఠశాలలో చేర్చిరి. చదువునందుకంటె గుఱ్ఱపుస్వారియందును, వేటయందును ఆతనికి మక్కువ హెచ్చు. పెరిగి పెద్దవాడై ఆశ్విక దళమున అధికారియయ్యెను. కాని 1914లో యుద్ధము వచ్చిన కొలది మాసములకే కందకములును, ముండ్లతీగెలును, మరతుపాకులును కలిసి గుఱ్ఱమును రణరంగమునుండి వెడలగొట్టినవి. రౌతు చేయదగిన పని యేమియు మిగులలేదు. సరఫరా కొలువున కూర్చుండుటకు మనసొప్పక ఆతడు 1915లో తన్ను వైమానిక దళమునకు మార్పుమని కోరెను.

మొదట ఆతడు చోదకుడు కాడు. వెనుక కూర్చుండి శత్రుస్థానములను పరికించువాడు. పిమ్మట విమానము నడపనేర్చి, తొలిసారి ఒంటరిగా ఎగిరిన నాడు దిగుటలో విమానమును విరుగగొట్టెను. అట్టివానిని వీరునిగా తీర్చిదిద్దినది ఓస్వాల్డ్ బోయెల్కె యను మేటి వైమానికుడు. రైలుబండిలో యాదృచ్ఛికముగా కలిగిన వారి పరిచయము 1916లో గురుశిష్య సంబంధముగా పరిణమించెను. బోయెల్కె తన అనుభవమును కొన్ని సూత్రములుగా కూర్చి శిష్యులకు నేర్పెను. సూర్యుని వీపువెనుక ఉంచుకొని తాకవలెను. మిక్కిలి చేరువకు పోయినగాని కాల్చరాదు. శత్రుభూమిపై ఎగురునపుడు మరలివచ్చు మార్గమును ఎన్నడును మరువరాదు. ఈ చివరి సూత్రమును పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

1916 సెప్టెంబరు 17న రిఖ్తోఫెన్ తన మొదటి విజయమును పొందెను. కూలిన ఆంగ్ల విమానములోని యువకులిరువురును మరణించిరి. ఆ సందర్భమునకు గుర్తుగా ఆతడు బెర్లినులోని నగలవర్తకునిచే చిన్న వెండి గిన్నెనొకదానిని చేయించుకొనెను. అది మొదలు ప్రతి విజయమునకును ఒక గిన్నె. అరువది గిన్నెలైన పిమ్మట జర్మనీలో వెండి కరవై ఆ యాచారము ఆగిపోయెను. విజయములు మాత్రము ఆగలేదు. గురువైన బోయెల్కె అదే సంవత్సరము అక్టోబరు 28న తన దళములోని విమానమే తగిలి కూలిపోయెను. నవంబరు 23న శిష్యుడు బ్రిటిషు వైమానికులలో అగ్రగణ్యుడైన లేనో హాకరును దీర్ఘయుద్ధమున కూల్చెను.

1917 జనవరిలో ప్రష్యా అత్యున్నత శౌర్యపతకమును, ఒక దళమునకు నాయకత్వమును లభించినవి. ఆతడు తన విమానమునకు ఎఱ్ఱరంగు పూయించినది అప్పుడే. దాగవలసిన చోట అందరికి కనబడునట్లు ఎగురుట సాహసమనిపించును గాని, స్వభావమున ఆతడు సాహసి కాడు. పల్టీలు కొట్టు విన్యాసములు ఆతనికి రుచింపవు. ఎత్తున పొంచియుండి, అదనెఱిగి, దిగివచ్చి కొట్టి మరలిపోవు వేటగాని ఓర్పు ఆతనిది. ఆ ఏప్రిల్ ఒక్క మాసముననే 21 విమానములను కూల్చెను.

1917 జూలై 6న ఒక తూటా ఆతని తలకు తగిలెను. క్షణకాలము చూపు పోయి, అవయవములు స్వాధీనము తప్పినను, ఎట్లో తెలివి తెచ్చుకొని విమానమును దింపెను. గాయము పూర్తిగా మానకమునుపే మరల యుద్ధమునకు వచ్చెను. అది మొదలు తలనొప్పులును, వికారమును వదలలేదు. ఆ యేడే ప్రచురితమైన తన ఆత్మకథలోని గర్వోక్తులు తరువాత ఆతనికే తగనివిగా తోచినవి. తాను ఇక అట్టి మనిషిని కాననుకొనెను. నేలపై క్షేమమైన ఉద్యోగమిచ్చెదమని పైవారు అనగా, సామాన్య సిపాయికి లేని వెసులుబాటు తనకేల యని తిరస్కరించెను.

1918 ఏప్రిల్ 20 నాటికి ఆతని విజయములు 80. ఆ యుద్ధమున మఱి యే దేశపు వైమానికుడును అన్ని పొందలేదు.

మఱునాడు ఆదివారము. సోమ్ నదీతీరమున కాపీ గ్రామమువద్ద విడిదిచేసిన జర్మను దళము, ప్రొద్దుటి పొగమంచు విడిన పిమ్మట బయలుదేరెను. రిఖ్తోఫెన్ నడపునది ఒకదానిపైనొకటిగా మూడు వరుసల ఱెక్కలుగల ఎఱ్ఱని ఫోకర్ విమానము. వెంట వచ్చినవారిలో ఆతని దాయాది వోల్‌ఫ్రమ్ క్రొత్తవాడు. పోరున దిగక పైనుండి చూడుమని ఆజ్ఞ. ఎదురైన బ్రిటిషు దళము నాయకులలో కెప్టెన్ రాయ్ బ్రౌన్ అను కెనడా యువకుడొకడు. ఆతని వెంటను విల్‌ఫ్రెడ్ మే అను క్రొత్తవాడే. వానికిని అదే ఆజ్ఞ. ఇరుపక్షములను పెద్దవారు పిన్నవారిని ఒకే తీరున కాపాడదలచిరి.

కాని పోరు రేగినపుడు మే నిలువలేక వోల్‌ఫ్రమ్‌ను తాకెను. అంతలో తుపాకులు మొరాయించినవి. ఇంటిముఖము పట్టిన మేను రిఖ్తోఫెన్ చూచి వెన్నంటెను. అది చూచి బ్రౌన్ ఎత్తునుండి దూకి రిఖ్తోఫెన్‌పై కాల్చి, వేగము ఆగక ప్రక్కకు తొలగిపోయెను. ఎఱ్ఱ విమానము మాత్రము వేట మానలేదు. నదిలోయ వెంబడి చెట్లకొమ్మలను తాకునంత దిగువను, ఆస్ట్రేలియా సైనికుల కందకములమీదుగా సాగిపోయెను. సాధారణముగా అక్కడ గాలి పడమటినుండి వీచును. ఆనాడు తూర్పునుండి వీచి ఆతనిని మరింత శత్రుభూమిలోనికి నెట్టుచుండెను. మరలివచ్చు మార్గమును మరువరాదన్న గురుసూత్రము ఆ క్షణమున ఏమయ్యెనో! తలగాయము బుద్ధిని మందగింపజేసెనని కొందఱు, గాలి మోసగించెనని కొందఱు, దాయాదిపై మమత కన్నుగప్పెనని కొందఱు తలచుదురు.

నేలనుండి మరతుపాకులు మ్రోగినవి. ఒకే తూటా కుడిచంకక్రిందుగా దూరి రొమ్మును చీల్చి ఎడమవైపున వెడలెను. ఆ స్థితిలోను ఆతడు విమానమును ఒక దుంపల చేనిలో దింపగలిగెను. పరుగెత్తివచ్చిన సైనికులు చేరునప్పటికి ప్రాణము పోవుచుండెనో, పోయెనో. ఇరువదియాఱవ జన్మదినమునకు ఇంక పదునొకండు దినములుండెను.

బ్రిటిషు వైమానికదళము ఈ విజయమును బ్రౌనుకు చెందినదిగా ప్రకటించెను. కాని అట్టి గాయముతో మనిషి నిమిషముకంటె హెచ్చుకాలము విమానము నడపజాలడు. బ్రౌన్ కాల్చిన పిమ్మట రిఖ్తోఫెన్ అంతకంటె హెచ్చుసేపే వేట సాగించెను. కావున ఆ తూటా నేలనుండి వచ్చినదనియు, బహుశః సార్జెంటు సెడ్రిక్ పాప్‌కిన్ అను ఆస్ట్రేలియనుదనియు నేటి పరిశోధకులలో పెక్కుమంది తలంపు.

మఱునాడు బెర్తాంగ్ల్ గ్రామ శ్మశానమున శత్రువులే ఆతనికి సైనిక లాంఛనములతో అంత్యక్రియలు జరిపిరి. ఆతనికి సమానపదవిగల ఆర్వురు అధికారులు శవపేటికను మోసిరి. తుపాకులు గౌరవసూచకముగా ఆకాశమునకు ప్రేలినవి. మరణవార్తను, సమాధి చిత్రమును జర్మను స్థావరమున జారవిడిచిరి. రావణుడు కూలిన పిమ్మట విభీషణునిచే ఉత్తరక్రియలు చేయించిన రాముని కథ ఎఱిగిన మనకు ఈ మర్యాద అపూర్వము కాదు. కాని ఆతనిచే కూలినవారి మిత్రులు ఆ గుంపున ఉండియుందురనుకొన్నపుడు, అది యెంత కష్టమైన మర్యాదయో తెలియును.

ఆ ఉదయము బ్రదికినవారి కథ వేఱు. మే కెనడాలో ఉత్తరపు మంచుసీమలకు విమానమార్గములు తెఱచి పేరుగాంచి 1952లో మరణించెను. వోల్‌ఫ్రమ్ హిట్లరు వైమానికదళమున అధికారియై, 1937లో స్పెయిను దేశపు గెర్నికా పట్టణముపై బాంబులు కురిపించిన దళమునకు ముఖ్యనిర్వాహకుడయ్యెను. రిఖ్తోఫెన్ దళమునకు 1918 జూలైలో నాయకుడై వచ్చినవాడు హెర్మన్ గోరింగు. ఎదుటివాని ముఖము కనబడునంత చేరువను జరిగిన పోరు ఇరువదియేండ్లలో, ముఖములే కనబడని ఎత్తునుండి ఊళ్ళను కాల్చు యుద్ధముగా మారినది. ఆ వెండి గిన్నెలు చేయించిన చేతులకు, గెర్నికాను కాల్చిన చేతులకు నడుమ దూరము మనమనుకొనునంత హెచ్చు కాదు.