జేమ్స్ మర్రే

జేమ్స్ అగస్టస్ హెన్రీ మర్రే (ఫిబ్రవరి 7, 1837 - జూలై 26, 1915) స్కాట్లాండుకు చెందిన భాషావేత్త, ప్రముఖ నిఘంటుకారుడు. ఇతడు 1879 నుండి మరణించేవరకు ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువుకు సంపాదకుడు. ఆంగ్లపదాల పుట్టుపూర్వోత్తరాలు తెలిసికొనగోరేవారికి ఇంతకంటె సమగ్రమైన గ్రంథం మరొకటి లేదు.

జననం, ఉద్యోగం

హావిక్ సమీపంలోని డెన్‌హోమ్ గ్రామంలో ఒక దర్జీ కుమారుడుగా జన్మించాడు. పేదరికం వలన 14వ యేట బడి మానివేసినా, స్వయంకృషితో అనేక భాషలు అభ్యసించాడు. 1866లో బ్రిటిష్ మ్యూజియంలో ఉద్యోగం కోరుతూ ఆ భాషల సుదీర్ఘమైన జాబితా పంపాడు గాని, ఉద్యోగం రాలేదు. 1870లో మిల్ హిల్ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు.

నిఘంటు నిర్మాణం

1857లో లండనులోని ఫైలలాజికల్ సొసైటీ తలపెట్టిన ఈ నిఘంటువు చాలాకాలం కుంటుపడింది. 1879లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయంతో ఒప్పందం కుదిరి, బాధ్యత మర్రేపై పడింది. గడువు 10 సంవత్సరాలు. పాఠశాల ఆవరణలో ఇనుపరేకుల షెడ్డు వేయించి, వేయికి పైగా గూళ్ళలో ప్రయోగాల చీటీలను అమర్చాడు. వీటిని పంపినవారు వందలాది స్వచ్ఛంద పాఠకులు. వారిలో బ్రాడ్‌మూర్ పిచ్చాసుపత్రిలో నిర్బంధంలో ఉన్న వైద్యుడు విలియం మైనర్ ఒకడు.

ప్రతి పదానికి మూలభాష, రూపాంతరాలు, లభించిన అతి ప్రాచీన ప్రయోగం, ఆపై కాలక్రమంలో అర్థాలు ఇవ్వడం ఇతని పద్ధతి. వ్యుత్పత్తిని ఊహించి వ్రాయడానికి సమ్మతించలేదు. బాండికూట్ అనే మాట తెలుగు పందికొక్కు నుండి వచ్చిందని చూపిన పదవివరణ 1888లో పూర్తయిన మొదటి సంపుటంలోనిదే.

ఈ పట్టుదల వలన పని నత్తనడక నడిచింది. 1884లో వెలువడిన తొలి భాగం ఇంకా ఎ అక్షరం మధ్యలోనే ఉంది. ఉపకులపతి బెంజమిన్ జోవెట్ ఇతని పీఠికను సైతం దిద్దబోగా మర్రే రాజీనామాకు సిద్ధపడ్డాడు. చివరికి ఇతని మాటే నెగ్గింది. 1885లో ఉపాధ్యాయవృత్తి వదలి ఆక్స్‌ఫర్డుకు మారాడు. అక్కడా ముద్రణాలయం వారి పేచీ తీరలేదు. వెబ్‌స్టర్ నిఘంటువులోని ఒక పుటకు ఇందులో ఎన్ని పుటలు మించరాదో లెక్కగట్టారు. నిజానికి సంక్షిప్త వ్యుత్పత్తి చాలనుకొనేవారికి వాల్టర్ స్కీట్ ఏకసంపుట నిఘంటువు 1882 నాటికే ఉంది. పద చరిత్ర యావత్తూ కావలసినవారికి మాత్రం మర్రే పనికి ప్రత్యామ్నాయం లేదు.

చివరి దశ

1908లో సర్ బిరుదు లభించింది. టి అక్షరంపై పనిచేస్తూ ఆక్స్‌ఫర్డులో మరణించాడు. నిఘంటువులో దాదాపు సగం ఇతని సంపాదకత్వంలో వెలువడినదే. హెన్రీ బ్రాడ్లీ, విలియం క్రెయిగీ, చార్లెస్ ఆనియన్స్ మిగిలిన భాగం నిర్వహించగా, 4 లక్షలకు పైగా పదాలతో 1928లో పూర్తయింది.