ఫ్లారెన్సు నైటింగేల్ దొరసాని

భద్రాచలమునుండి పర్ణశాలకు పోవు యాత్రికులు దుమ్ముగూడెము పేరు వినియే యుందురు. అచ్చట గోదావరికి అడ్డముగా ఒక ఆనకట్ట కలదు. ధవళేశ్వరపు ఆనకట్టను కట్టించిన ఆర్థరు కాటన్ దొర, ఈ నదిపై ఎగువ దేశమువరకు పడవలు నడువవలెనని తలపెట్టిన గొప్ప యత్నములో అది యొక భాగము. ఖర్చు మిక్కుటమగుచున్నదని 1871లో దొరతనమువారు ఆ పనిని నిలిపివేసిరి. ఈ కాటన్ దొరతో మన దేశపు నీటి పారుదలను గూర్చియు, కరవును గూర్చియు ఉత్తరప్రత్యుత్తరములు జరిపిన నర్సు ఒకతె లండనులో నుండెను. ఆమె గోదావరిని ఎన్నడును చూడలేదు; హిందూదేశమున కాలైనను మోపలేదు. చేత దీపముతో మన పాఠపుస్తకములలో కనబడు ఫ్లారెన్సు నైటింగేల్ ఆమెయే.

ఆమె 1820 మే 12వ తేదీన ఇటలీ దేశపు ఫ్లారెన్సు నగరమున జన్మించెను. ఆ నగరము పేరే తలిదండ్రులు బిడ్డకు పెట్టిరి. వారు కలిగినవారు. కుమార్తెకు తండ్రి స్వయముగా గ్రీకు, లాటిను మొదలగు భాషలు నేర్పెను. కాని ఆమె రోగులకు ఉపచారము చేయుట నేర్చుకొందునని చెప్పగనే ఇల్లు అట్టుడికినట్లుడికినది. ఆ కాలమున ఆసుపత్రి నర్సనగా చదువులేనిది, త్రాగుబోతు, మర్యాదస్త్రీల సరసన నిలువరానిది అని లోకుల తలంపు. (మన జిల్లాలలోను ఆడపిల్లను నర్సు చదువునకు పంపుటకు సందేహించిన తలిదండ్రులు ఒకప్పుడు కొద్దిమంది కారు.) ఆమె పెండ్లి మాని, యేండ్ల తరబడి ఓర్చి, తెల్లవారుజామున దొంగచాటుగా ఆసుపత్రుల నివేదికలు చదువుకొనుచుండెను. తుదకు 1851లో జర్మనీలోని కైజర్స్‌వర్తులో మూడు మాసములు ఉపచారవిద్య నేర్చెను. అప్పటికామెకు ముప్పది యొకటవ యేడు.

1854లో రష్యాతో క్రిమియా యుద్ధము సాగుచుండగా, గాయపడిన ఇంగ్లీషు సైనికులు దిక్కులేక చచ్చుచున్నారని పత్రికలలో పడినది. యుద్ధమంత్రియగు సిడ్నీ హెర్బర్టు కోరగా ఆమె 38 మంది నర్సులతో బయలుదేరి, నవంబరు మొదటివారములో టర్కీలోని స్కుటారి చేరెను. అచ్చటి ఆసుపత్రి యొక పాత సైనికనివాసము. నేలమీద వరుసలుగా రోగులు, మాసిన గుడ్డలు, పేలు, దుర్గంధము. ఆమె మొదట తెప్పించినవి చీపుళ్లును, నేల తోము కుంచెలును! చాకిరేవు పెట్టించి సైనికుల భార్యలచే బట్టలుతికించెను. రోగులకు వేరుగా వంటశాల యేర్పరచెను. చనిపోవువారి కడపటి మాటలను తానే వారి యిండ్లకు వ్రాసెను. రాత్రి పొద్దుపోయిన పిదప దీపము పట్టుకొని పడక పడక కడకును పోయి చూచుచుండెను. చిత్రకారులు ఆమె చేతిలో ప్రమిదవంటి దీపమును వ్రాయుదురుగాని, నిజముగా అది టర్కీవారి మడత లాంతరు.

ఇంత చేసినను ఆ శీతకాలమున చావులు తగ్గలేదు. 1855 ఫిబ్రవరిలో నూటికి 42 మంది మరణించిరి. మార్చిలో ఇంగ్లాండునుండి వచ్చిన ఆరోగ్యసంఘమువారు కట్టడము క్రింద పూడియున్న మురుగుకాలువలను శుభ్రపరచి, త్రాగునీటి త్రోవలో కుళ్లుచున్న గుఱ్ఱపు కళేబరమును తీసివేసిరి. జూనునాటికి మరణములు నూటికి రెండుకు దిగినవి. దీపము వెలుగులో పడకలు కనబడినవిగాని, పడకల క్రిందనున్న మురుగు కనబడలేదు! స్వదేశమునకు మరలివచ్చిన పిమ్మట ఆమె విలియం ఫార్ అను గణాంకశాస్త్రజ్ఞుని తోడ్పాటుతో లెక్కలు కట్టి, తుపాకిగుండ్లచే చచ్చినవారికంటె నివారింపదగిన రోగములచే చచ్చినవారే మిక్కిలి హెచ్చని తేల్చెను. ఆ లెక్కలను రాణీగారికిని మంత్రులకును కంటికి కనబడునట్లు రంగుల చక్రములుగా గీసి చూపెను. రోగి చేయి పట్టుకొని కూర్చుండుట దయయే. కాని లెక్కలు కట్టుటకూడ దయయేనని నా మనస్సునకు తోచుచున్నది.

క్రిమియాలో పట్టిన జ్వరము ఆమెను విడువలేదు. 1857 మొదలు చాలకాలము ఆమె మంచమునకే కట్టుబడి యుండెను. మన దేశమునకు ఆమె చేసిన పని యంతయు ఆ గదినుండి చేసినదే. 1859లో ఇచ్చటి సైన్యముల ఆరోగ్యమును విచారించుటకు రాజాజ్ఞచే ఒక సంఘ మేర్పడగా, ఆమె ప్రతి దండుస్థలమునకును ప్రశ్నలు పంపించెను. నీరెక్కడిది? మురుగెటు పోవును? బండ్లకొలది కాగితములు వచ్చిపడినవి. ఏటేట ఇచ్చటి తెల్లసైనికులలో వేయింటికి 69 మంది చచ్చుచుండిరని ఆ నివేదిక తేల్చెను. పదియేండ్లలో అది 18కి తగ్గినదని 1873లో ఆమె చూపెను.

అంతటితో ఆమె తృప్తిపడలేదు. సిపాయికి మంచినీరు కావలెనన్నచో గ్రామమునందలి రైతుకు వలదా? 1876 మొదలు 1878 వరకు చెన్నపురి రాజధానిలో ఘోరమైన కరవు వచ్చినది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలలో లక్షలకొలది జనము మాడిపోయిరి. కాలువల క్రింద నున్న గోదావరీ కృష్ణా డెల్టాలలో వరి పండెను. కాటన్ దొర ఈ భేదమును ఎలుగెత్తి చాటుచుండెను. ఆమె ఆయన పక్షము వహించి, 1878లో ఒక ప్రసిద్ధ పత్రికలో హిందూదేశపు ప్రజలనుగూర్చి వ్రాసెను. రైలుమార్గములకు పెట్టు ద్రవ్యములో కొంతయైన కాలువలకు పెట్టుడనియు, రైతును వడ్డివ్యాపారి కోరలనుండి తప్పింపుడనియు వాదించెను. దొరతనమువారిలో పలువురికిది రుచింపలేదు. ఒక నర్సుకు కాలువల సంగతి యేల యని వారి భావము కాబోలు! ఆమె కోరినవానిలో చాలభాగము ఆమె జీవితకాలమున నెరవేరలేదు. ఐనను ముసలితనమునందు సయితము మన గ్రామముల బావులను గూర్చియు, మురుగును గూర్చియు వ్రాయుట మానలేదు.

1860లో లండనులోని సెయింట్ తామసు ఆసుపత్రిలో ఆమె పేర నర్సుల పాఠశాల స్థాపింపబడెను. మర్యాదగల కన్యకలు తలయెత్తుకొని ఆ వృత్తిలో ప్రవేశించుటకు అది మార్గమయ్యెను. 1907లో రాజుగారు ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదమును పంపునాటికి ఆమెకు చూపు పోయినది. 1910 ఆగస్టు 13న, తొంబదవయేట, నిద్రలోనే కన్నుమూసెను. పూర్వము రాజులను పాతిపెట్టిన వెస్ట్‌మినిస్టరు దేవాలయములో చోటిత్తుమనగా బంధువులు, ఆమె కోరికను తలచి, వలదనిరి. ఆమె సమాధి స్వగ్రామపు గుడిదొడ్డిలో తలిదండ్రులకడనే యున్నది. దానిపై ఆమె నిండుపేరు లేదు. రెండు పొడి అక్షరములును, పుట్టిన గిట్టిన తేదులును మాత్రమే చెక్కబడియున్నవి.