పాల్ ప్రాయిస్

పాల్ ప్రాయిస్ (ఆగష్టు 19, 1886 - అక్టోబరు 3, 1913) ఆస్ట్రియాకు చెందిన సుప్రసిద్ధ పర్వతారోహకుడు. ఇనుప మేకులు, తాళ్ళ మీద ఆధారపడకుండా స్వశక్తితోనే శిలలను అధిరోహించాలని ఈయన వాదించాడు. ఒక శిఖరాన్ని మొదట ఎవరు ఎక్కారన్నదే కాక ఏ విధంగా ఎక్కారన్నది కూడా ముఖ్యమనే చర్చకు ఆద్యులలో ఈయన ఒకడు.

బాల్యం, విద్య

ప్రాయిస్ ఆస్ట్రియాలోని ఆల్టౌస్సే గ్రామంలో యూదు మూలాలున్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి సంగీత ఉపాధ్యాయుడు. బాల్యంలో తీవ్రమైన అనారోగ్యానికి గురై కొంతకాలం సరిగా నడవలేకపోయాడు. కోలుకున్న తరువాత పరిసరాలలోని కొండలలో తిరుగుతూ దేహదారుఢ్యం సంపాదించాడు. వియన్నా, మ్యూనిక్ నగరాలలో వృక్షశాస్త్రం అభ్యసించి డాక్టరేట్ పొందాడు. ఈయన చేసిన సుమారు 1200 ఆరోహణలలో 300 ఒంటరిగా చేసినవే.

ప్రముఖ ఆరోహణలు

1911 సంవత్సరం ఈయన జీవితంలో ముఖ్యమైనది. ఆ ఏడాది టోటెన్‌కిర్షల్ పడమటి గోడను ఒంటరిగా మూడు గంటలలోపే ఎక్కాడు. జూలై 28న బ్రెంటా పర్వతాలలోని కాంపనీలే బాస్సో అనే శిలాస్తంభం తూర్పు ముఖాన్ని తాడు లేకుండా, ఒంటరిగా తొలిసారి అధిరోహించాడు. 1897లో ఒక బృందం ఈ స్తంభం కొనకు కొద్ది మీటర్ల దిగువ నుండి వెనుదిరిగింది. 1899లో ఆంఫెరర్, బెర్గర్ అనే ఇద్దరు మరొక మార్గంలో మొదటిసారి శిఖరం చేరారు. అటువంటి చోట ప్రాయిస్ కొత్త మార్గాన్ని సుమారు రెండు గంటలలో ముగించాడు.

మేకుల వివాదం

ఆ రోజులలోనే శిలల పగుళ్ళలో దిగగొట్టే పిటాన్ అనే ఇనుప మేకులు, తాడును వాటికి తగిలించే కొక్కేలు వాడుకలోకి వచ్చాయి. వాటితో అసాధ్యమనుకున్న గోడలు కూడా సాధ్యమయ్యాయి. 1911లో ప్రాయిస్ ఒక జర్మన్ పత్రికలో కృత్రిమ సాధనాలను విమర్శిస్తూ వ్యాసం వ్రాశాడు. తాడు లేకుండా దిగి రాగలిగినంత కష్టమైన చోటికే ఎక్కాలని, పిటాన్ ఆపదలో ఆదుకొనేదే గాని ఎక్కే పద్ధతికి ఆధారం కారాదని ఈయన సిద్ధాంతం. భద్రతను ఈయన నిరాకరించలేదు. అది సాధనాల నుండి గాక తన శక్తిని తాను సరిగా అంచనా వేసుకోవడం నుండి రావాలన్నాడు.

టీటా పియాజ్, ఫ్రాంజ్ నీబెర్ల్ వంటి ప్రముఖులు ఈ వాదాన్ని ఎదుర్కొన్నారు. ఒక మేకు ఒక ప్రాణాన్ని నిలబెట్టగలిగినపుడు దానిని కాదనడం సరికాదని, ఈ బోధ యువకులను ప్రమాదంలోకి నెడుతుందని విమర్శలు వచ్చాయి. 1912 జనవరిలో మ్యూనిక్‌లో ఈ విషయమై బహిరంగ చర్చ జరిగింది.

అదే ఏడాది ఆగష్టు 15న మాంట్ రూజ్ ద ప్యూటెరే వద్ద ఒకే తాడుకు కట్టుకున్న హెచ్. ఓ. జోన్స్, ఆయన భార్య మ్యూరియల్, వారి మార్గదర్శకుడు పడి మరణించారు. మార్గదర్శకుడు జారగా మిగిలిన ఇద్దరినీ తాడే లాగివేసింది. తాడుకు కట్టుకోకుండా ముందు నడుస్తున్న ప్రాయిస్ ఆ దుర్ఘటనకు సాక్షి.

మరణం

1913 అక్టోబరు 3న గోసావ్‌కామ్ పర్వతశ్రేణిలోని మాండ్ల్‌కోగెల్ ఉత్తర అంచును ఒంటరిగా ఎక్కుతూ ప్రాయిస్ పడి మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 27 సంవత్సరాలు. మంచు క్రింద ఉన్న దేహం కొన్ని దినాల తరువాతనే లభించింది. చూసినవారెవరూ లేనందున కారణం తేలలేదు. ఆల్టౌస్సేలో ఖననం చేశారు. ఈ మరణమే సిద్ధాంతం తప్పని నిరూపించిందని కొందరు, ఒకరి మరణంతో సిద్ధాంతం ఓడిపోదని మరికొందరు భావిస్తారు.

ప్రభావం

నాజీల కాలంలో మరుగున పడిన ఈయన పేరును తరువాత రైన్‌హోల్డ్ మెస్నర్ తన గ్రంథాల ద్వారా తిరిగి వెలుగులోకి తెచ్చాడు.

నాటి చర్చ నేడు చలనచిత్రాలలో కొనసాగుతున్నది. 1970లో పటగోనియాలోని సెర్రో టోర్రేపై చేజారే మాయిస్ట్రి యంత్రంతో వందలాది బోల్టులు బిగించాడు. 2012లో డేవిడ్ లామా ఆ అంచునే బోల్టుల సాయంతో పైకి లాక్కోకుండా ఎక్కాడు. ఆ యాత్ర చలనచిత్రంగా వచ్చింది. అయితే 2010లో చిత్రబృందం కొత్త బోల్టులు బిగించడం వివాదాస్పదమైంది. 2018లో విడుదలై ఆస్కార్ బహుమతి పొందిన ఫ్రీ సోలో చిత్రం, అమెరికాలోని ఎల్ కాపిటాన్‌ను అలెక్స్ హోనాల్డ్ తాడు లేకుండా ఎక్కిన వైనాన్ని చూపుతుంది. హోనాల్డ్ ముందుగా అదే మార్గాన్ని తాడుతో ఎన్నోసార్లు సాధన చేశాడు. ప్రాయిస్ కాంపనీలే బాస్సోపై ఎవరూ ఎక్కని గోడను ఎక్కాడు. వచ్చిన దారినే తాడు లేకుండా దిగాడు కూడా.