సుద్దముక్కే ఆయన ప్రయోగశాల

భౌతికశాస్త్రవేత్త అనగానే మన పిల్లల కళ్లముందు గాజు గొట్టాలు, పెద్దపెద్ద యంత్రాలు మెదులుతాయి. అవేవీ లేకుండా సుద్దముక్క, కాగితం, కలం నమ్ముకుని ఆ శాస్త్రానికి సేవ చేసిన వారొకరు మన హైదరాబాద్‌లోనే ఉండేవారు. వారే మరహూం డాక్టర్ ముహమ్మద్ రజియుద్దీన్ సిద్దిఖీ. మన కవాడిగూడ నుంచి విద్యానగర్ మీదుగా వెళితే వచ్చే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనను తీర్చిదిద్దిన విద్యాలయం.

1918లో ఉర్దూ మాధ్యమంలో చదువు చెప్పాలని ఆ విశ్వవిద్యాలయం ఏర్పడింది. పాఠ్యపుస్తకాల అనువాదానికి అంతకు ఏడాది ముందే దారుల్ తర్జుమా వెలిసింది. తొలితరం విద్యార్థుల్లో ఒకరైన సిద్దిఖీ 1925లో పట్టా పుచ్చుకుని ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి, ఆ తర్వాత జర్మనీలోని లైప్‌జిగ్‌కు వెళ్లారు. క్వాంటం సిద్ధాంతానికి పునాది వేసిన హైసెన్‌బర్గ్ అప్పుడు అక్కడే ఆచార్యులు. ఉర్దూలో చదివిన కుర్రవాడు జర్మన్ భాషలో పరిశోధనా వ్యాసం రాసి డాక్టరేట్ పొందాడంటే ఎంత కష్టపడ్డాడో ఊహించుకోవచ్చు.

ఆయన పరిశోధించినది ఒక రకం గణిత సమీకరణాల గురించి. ఇనుప కడ్డీని ఒక కొస కాలిస్తే వేడి రెండో కొసకు ఎలా పాకుతుందో చెప్పేవి ఆ జాతి సమీకరణాలే. ఇలాంటి పనికి కొలిమి అక్కరలేదు, కాగితం చాలు. అయితే పేజీలకు పేజీలు నిండాక ఎక్కడో ఒక గుర్తు తప్పిందని తేలితే మళ్లీ మొదటికి రావాలి. సాయంత్రం ఇంటికి వెళ్లి ఇవాళ ఇది చేశానని చూపించడానికి ఏమీ ఉండదు. సిద్ధాంత భౌతికశాస్త్రంలో పనిచేసేవారి రోజులు చాలావరకు ఇలాగే గడుస్తాయి.

1931లో తిరిగివచ్చిన సిద్దిఖీ ఉస్మానియాలో గణితం బోధించారు. ఐరోపాలో అప్పుడే పుట్టిన విజ్ఞానాన్ని ఇక్కడి పిల్లలకు ఉర్దూలో అందించడం మామూలు పని కాదు. ప్రతి భావానికీ తగిన మాట కావాలి. భౌతికశాస్త్రం తబీఇయాత్ అయింది, సాపేక్షత ఇజాఫియత్ అయింది. క్వాంటం యాంత్రికశాస్త్రంపై ఆయన ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చాయి. సాపేక్ష సిద్ధాంతాన్ని ఉర్దూ పాఠకులకు వివరిస్తూ ఒక గ్రంథం రాశారు. కాలం, స్థలం గురించి కవి ఇక్బాల్ ఆలోచనలపైనా రచన చేశారు.

1948 తర్వాత ఉస్మానియాలో బోధన ఇంగ్లీషుకు మారింది. ఎంతో శ్రమతో కూర్చిన ఆ మాటలకు తరగతి గదిలో చోటు లేకపోయింది. 1950లో సిద్దిఖీ పాకిస్తాన్ వెళ్లారు. పెషావర్, సింధ్ విశ్వవిద్యాలయాలకు వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. ఇస్లామాబాద్ విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ చాన్సలర్ ఆయనే. సమీకరణాలతో గడిచే రోజులు ఇప్పుడు ఫైళ్లతోనూ గడిచాయి. 1998 జనవరిలో కన్నుమూశారు.

ఆయన పోయినా ఆయన చదివిన విశ్వవిద్యాలయం మన కళ్లెదుటే ఉంది. మన ఇళ్లలోని పిల్లల్లో ఎవరైనా ఒక లెక్క ముందు గంటల తరబడి మౌనంగా కూర్చుని, రాసింది కొట్టేసి మళ్లీ రాస్తుంటే, పొద్దంతా ఏం చేశావని కసరకండి. ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వేసేముందు ఒక్కసారి అడిగి చూడండి. ఉస్మానియా పంపిన ఆ కుర్రవాడు లైప్‌జిగ్‌లో చేసిన పని కూడా పక్కనుంచి చూసేవారికి అచ్చం అలాగే కనిపించి ఉంటుందని మేము అనుకుంటున్నాము.