ఐన్‌స్టీన్ మెచ్చిన ఢాకా మాస్టారు

ఈ లోకంలో మూలకణాలన్నీ రెండే జాతులు. వాటిలో ఒక జాతికి మన దేశపు మాస్టారి పేరే పెట్టారు. అవే బోసాన్లు. ఆ మాస్టారు సత్యేంద్రనాథ్ బోస్.

1894 జనవరి 1న కలకత్తాలో పుట్టారు. తండ్రి రైల్వే ఉద్యోగి. 1915లో ఎమ్మెస్సీలో బోస్ ఫస్టు వస్తే, మేఘనాద్ సాహా సెకండు వచ్చారు. 1921లో ఢాకా యూనివర్సిటీ కొత్తగా మొదలైంది. బోస్ అక్కడ రీడర్‌గా చేరారు.

పాఠం చెప్పేటప్పుడు ఒకచోట ఆయనకు మనసొప్పేది కాదు. వేడెక్కిన వస్తువు ఇచ్చే వెలుగు గురించి ప్లాంక్ 1900లో ఒక సూత్రం చెప్పారు. అది ప్రయోగాలకు సరిపోతోంది. కానీ దాన్ని రాబట్టే దారిలో సగం పాత శాస్త్రం, సగం కొత్త శాస్త్రం. తనకే నచ్చని లెక్కను పిల్లలకెలా చెప్పాలి? అందుకే బోస్ లెక్కపెట్టే పద్ధతినే మార్చేశారు.

అదేంటో చూద్దాం. రెండు గదులున్నాయి, అన్నదమ్ములిద్దరు ఉండాలి. ఇద్దరూ మొదటి గదిలో ఉండొచ్చు, ఇద్దరూ రెండో గదిలో ఉండొచ్చు. లేదా అన్న ఇక్కడ, తమ్ముడు అక్కడ. లేదా తమ్ముడు ఇక్కడ, అన్న అక్కడ. మొత్తం నాలుగు రకాలు. కానీ వెలుగు కణాల్లో ఏది అన్నో, ఏది తమ్ముడో చెప్పే గుర్తే లేదు. తేడా మనకు కనబడక కాదు, అసలు లేనే లేదు. కాబట్టి చివరి రెండు రకాలూ ఒకటే. లెక్క మూడుకు తగ్గింది. రెండూ ఒకే గదిలో ఉండే అవకాశం మాత్రం సగం నుంచి మూడింట రెండు వంతులకు పెరిగింది. అంటే ఈ కణాలకు ఒకేచోట గుమిగూడే గుణం ఉంది. ఈ లెక్కతో ప్లాంక్ సూత్రం నేరుగా వచ్చేసింది.

ఆ వ్యాసం ఇంగ్లండ్ పత్రికలో అచ్చు కాలేదు. బోస్ నిరాశపడి ఊరుకోలేదు. 1924 జూన్‌లో తిన్నగా ఐన్‌స్టీన్‌కే పంపారు. ఐన్‌స్టీన్ దాన్ని తానే జర్మన్‌లోకి మార్చి అచ్చు వేయించారు. అదే లెక్కను అణువులకూ వర్తింపజేశారు. బాగా చల్లబరిస్తే అణువులన్నీ ఒకే స్థితిలోకి చేరతాయని తేలింది. అది ప్రయోగంలో కనబడింది 1995లో. చేసి చూపినవాళ్లకు 2001లో నోబెల్ వచ్చింది. బోస్‌కు ఆ బహుమతి ఎప్పుడూ రాలేదు.

ఆయనకు డాక్టరేట్ కూడా లేదు. అయినా ఐన్‌స్టీన్ సిఫారసుతో ఢాకాలో ప్రొఫెసర్ అయ్యారు. 1945 దాకా అక్కడే పనిచేశారు. అక్కడి ఖాజీ మోతహర్ హుస్సేన్‌ను గణాంకశాస్త్రం వైపు ప్రోత్సహించింది ఆయనే. తర్వాత ఢాకాలో ఆ శాస్త్రానికి హుస్సేన్ సాబే పునాది వేశారు.

సైన్సు అమ్మభాషలోనే చెప్పాలని బోస్ పట్టుబట్టారు. అందుకోసం 1948లో బెంగాలీలో పత్రిక మొదలుపెట్టించారు. 1974 ఫిబ్రవరి 4న కన్నుమూశారు.

మన పిల్లలు ఉర్దూలో అడిగినా, తెలుగులో అడిగినా, ఎందుకు అన్న ప్రశ్నను మాత్రం కసురుకోకండి. బోసాన్ల కథ మొదలైంది అలాంటి ప్రశ్నతోనే.