మన పింక్ లైన్‌లో ఒక తెలుగు పేరు

సరోజినీ నగర్‌లో మెట్రో ఎక్కి మజ్లిస్ పార్క్ వైపు వెళ్తే, భికాజీ కామా ప్లేస్, మోతీ బాగ్ దాటాక మూడో స్టేషన్ దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. మీలో చాలామంది దాన్ని ఉత్త సౌత్ క్యాంపస్ అనేస్తారు. ఆ ముందున్న పేరు ఎవరిదని తరగతిలో అడిగితే, ఎవరో మహారాష్ట్ర ఆవిడ అయి ఉంటుందన్నారు. దేశ్‌ముఖ్ అన్నది పెళ్ళితో వచ్చిన ఇంటిపేరు. ఆవిడ మన రాజమండ్రి ఆడపడుచు.

దుర్గాబాయి 1909 జూలై 15న పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. కాస్త ఊహ తెలిశాక ఆమె ఆ కాపురానికి వెళ్ళనని చెప్పేశారు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద మాటో మీ అమ్మమ్మలను అడిగితే చెబుతారు. పన్నెండో ఏట బడి మానేసినా చదువు మానలేదు. హిందీ నేర్చుకుని, తను నేర్చుకున్నది ఆడపిల్లలకు చెప్పడానికి ఒక చిన్న పాఠశాల పెట్టారు.

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. దాంతోపాటు ఖద్దరు ప్రదర్శన కూడా పెట్టారు. టిక్కెట్టు లేనివాళ్ళను లోపలికి పంపకూడదని గుమ్మం దగ్గర వాలంటీర్లకు చెప్పారు. పద్నాలుగేళ్ళ దుర్గాబాయి అక్కడ నిలబడి ఉండగా జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన దగ్గర టిక్కెట్టు లేదు. ఆమె ఆపేశారు. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి కోప్పడ్డారు. చివరికి టిక్కెట్టు కొని చేతికిచ్చాకే ఆయన లోపలికి వెళ్ళారు. నెహ్రూ నొచ్చుకోలేదు సరికదా, అప్పగించిన పని సరిగ్గా చేసిందని మెచ్చుకున్నారు. ఈ కథ చాలామంది ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. నాకు మాత్రం ఆ రోజు అదే వరుసలో టిక్కెట్టు కొని నిలబడిన మామూలు మనుషులు గుర్తొస్తారు. పెద్దాయనకు ఒక రూలు, తమకు ఒక రూలు కాదని వాళ్ళు కళ్ళారా చూశారు కదా!

ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఆమె జైలుకు వెళ్ళారు, ఒకసారి కాదు. అక్కడ తోటి ఖైదీలను చూశారు. చదువు రాక, చట్టం తెలియక శిక్ష పడ్డ ఆడవాళ్ళు. బయటికి రాగానే చదువుకోవాలనుకున్నారు. బెనారస్ మెట్రిక్ పరీక్ష ప్యాసై, బి.ఏ. చదవడానికి వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్తే, ఆడపిల్లలకు హాస్టలు లేదు కాబట్టి చేర్చుకోవడం కుదరదన్నారు. ఇంకొకరైతే తిరుగు రైలు ఎక్కేవారే. దుర్గాబాయి పత్రికలో ప్రకటన వేయించారు. తనలాగే చదువుకోవాలని ఉండి, హాస్టలు లేక ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే తెలియజేయమని. ముక్కూ మొహం తెలియని అమ్మాయిలు ముందుకొచ్చారు. అందరూ కలిసి తామే ఒక హాస్టలు నడుపుకున్నారు. ఆ తర్వాత చేర్చుకోక తప్పలేదు. కొత్త బడిలో మొదటి వారం ఎవరి పక్కన కూర్చోవాలో తెలియకపోవడం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ అమ్మాయిలకు ఒకరి గురించి ఒకరికి తెలిసింది ఒక్కటే, తమ అవసరం ఒకటేనని. వంటా ఖర్చూ పంచుకుంటూ ఉంటే మిగిలినదంతా తెలిసి ఉంటుంది.

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. మొదట్లో అది ఇరుగుపొరుగు పిల్లలు చేరే చిన్న బృందం. ఆ తర్వాత, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళకు బెనారస్ మెట్రిక్ పరీక్షకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. తను రాసిన పరీక్షే, తను పడ్డ అవస్థే. నేర్చుకునేవాళ్ళకు ఎక్కడ అర్థం కాదో చెప్పేవాళ్ళకు ముందే తెలుసు. సభ పెరిగి బడులు, ఆసుపత్రి, కళాశాలలు అయింది. మధ్యలో 1942లో ఆమె లా పూర్తిచేసి ప్లీడరయ్యారు కూడా.

రాజ్యాంగ సభ సభ్యురాలిగా ఢిల్లీ వచ్చారు. ఆ సభలో ఉన్న ఆడవాళ్ళు 15 మంది. ఉద్యోగాల మీద ఇక్కడికొచ్చిన తెలుగువాళ్ళ పిల్లలకు బడి కావాలని 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ ఏర్పడడానికి ఆమే కారణం. తర్వాత ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. 1953లో ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌తో పెళ్ళయింది. ఆ ఏడాది ఆగస్టులోనే కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే, దానికి మొదటి అధ్యక్షురాలు ఆమే.

మొదటి ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల కోసం 4 కోట్ల రూపాయలు పెట్టారు. సర్కారు డబ్బు ఊరూరా ఉన్న చిన్న చిన్న మహిళా సంఘాలకు ఇవ్వాలి. ఫైలు ఎలా కదులుతుందో మీ నాన్నగారినో అమ్మగారినో అడగండి. ఎవరి చేతికి ఇచ్చినా లెక్క చెప్పాలి. మరి ఎవరిని నమ్మాలి? రాష్ట్రాల్లో కూడా బోర్డులు పెట్టి, అక్కడ ఏళ్ళ తరబడి పనిచేస్తున్న మహిళలకే బాధ్యత అప్పగించారు. ఇది తేలికైన దారి అని నేననను. నమ్మి ఇచ్చిన చోటల్లా పని అవుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. అయినా ఊరి అవసరం ఊళ్ళో మనిషికి తెలిసినంతగా ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకు తెలియదు.

అంతలో ఇంకో చిక్కు వచ్చింది. పల్లెల్లో పనిచేయడానికి చదువుకున్న ఆడవాళ్ళు కావాలి, ఎక్కడా దొరకడం లేదు. పట్నం నుంచి పంపితే నిలవరు. దుర్గాబాయికి మద్రాసులోని పాత తరగతి గది ఉండనే ఉంది. 1958లో బోర్డు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. పెళ్ళి వల్లో పేదరికం వల్లో చదువు ఆగిపోయిన పెద్దవయసు ఆడవాళ్ళను కూర్చోబెట్టి, రెండేళ్ళలో పరీక్షకు తయారుచేయడం. వాళ్ళలోంచే గ్రామసేవికలు, నర్సులు, పంతులమ్మలు వచ్చారు. ఆ గదుల్లో పుస్తకం తెరవడానికి ఎంత బిడియపడి ఉంటారో, పక్కనున్నామె కూడా అంతే బిడియపడుతోందని తెలిశాక ఎంత తేలికపడి ఉంటారో ఊహించుకోవచ్చు.

1975లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 1981 మే 9న ఆమె కన్నుమూశారు.

ఆ స్టేషన్ దగ్గరే శ్రీ వెంకటేశ్వర కళాశాల ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో పెట్టిన ఆ కళాశాల కోసం పాటుపడ్డవాళ్ళలో దుర్గాబాయి ఒకరు. పొద్దున తొమ్మిదింటికి మెట్రో తలుపులు తెరుచుకోగానే పుస్తకాల సంచులతో గబగబా దిగిపోయే పిల్లల్లో సగం మంది అమ్మాయిలే కనిపిస్తారు.