మోటుపల్లి అభయశాసనం

కాకతీయ గణపతిదేవుని యౌవనం చెరలో గడిచింది. తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో పోరాడుతూ మరణించగా, అతడు వారికి బందీగా చిక్కాడు. విడుదలై, క్రీ.శ. 1199లో ఓరుగల్లు సింహాసనమధిష్ఠించి, 1262 వరకు పాలించాడు. తీరాంధ్ర విజయంతో చీరాల సమీపంలోని మోటుపల్లి రేవు అతని వశమైంది.

అంతకుముందు రాజుల కాలంలో, తుపానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొనివస్తే అది రాజుదే! బంగారం, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు అన్నీ బొక్కసానికే చేరేవి. కడలి ముంచగా మిగిలినదానిని రాజు ముంచేవాడన్నమాట. అట్టి రేవుకు వర్తకుడు ధైర్యంగా ఎట్లా వస్తాడు?

గణపతిదేవుడు ఆ రాబడిని వదులుకున్నాడు. నిర్ణీత సుంకం తప్ప మరేదీ గైకొనబోమని 1244లో అభయశాసనం వేయించాడు. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పయ్యింట ఒక వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు, మిరియాలు మొదలైన సరుకుల సుంకాలను శిలపైనే చెక్కించాడు. ఇక సుంకరి నోటిమాటపై ఆధారపడవలసిన పనిలేదు. వర్తకునికి కావలసింది కూడా అదే.

అతని కుమార్తె రుద్రమదేవి పాలించిన ఈ సీమలోని సన్నని వస్త్రాలను మార్కోపోలో కొనియాడాడు. తరువాత, నాదెండ్లకు చేరువలోని కొండవీటి నుండి ఏలిన అనవోతారెడ్డి, 1358లో మోటుపల్లిలోనే వర్తకులకు మరల అభయమిచ్చాడు. ఈసారి శాసనం తెలుగుతోపాటు తమిళంలోనూ వెలసింది.